పైనాపిల్ బీరు, కల్తీ కల్లు

2020 మార్చి 27న దక్షిణాఫ్రికా లాక్‌డౌన్‌లోకి వెళ్ళింది. దాంతోపాటే మద్యం అమ్మకాలూ ఆగిపోయాయి. తాగి కొట్టుకునేవాళ్ళు, తాగి బండ్లు గుద్దేవాళ్ళు తగ్గితే ఆసుపత్రుల్లో కరోనా రోగులకు మంచాలు మిగులుతాయని ప్రభుత్వం లెక్క. లెక్కలో తప్పేమీ లేదు. కానీ వారం తిరిగేసరికి జొహానెస్‌బర్గ్‌లో మా వీధి చివరి సూపర్‌మార్కెట్‌లో పైనాపిల్ పళ్ళూ, బ్రెడ్డు ఈస్టూ ఖాళీ అయిపోయాయి. అందరూ ఒకే పని మొదలుపెట్టారు. నేనూ మొదలుపెట్టాను.

ఇంట్లో బీరు చేయడం నాకు అంతకుముందే కొంచెం అలవాటు. బార్లీని మొలకెత్తించి ఆరబెడితే మాల్ట్. దాన్ని దంచి, అరవై అయిదు డిగ్రీల వేడినీళ్ళలో ఓ గంట ఉంచితే గింజలోని పిండి చక్కెరగా మారుతుంది. ఆ తియ్యటి నీళ్ళను హాప్స్ పూలతో మరిగించి, చల్లార్చి, ఈస్టు వేయాలి. మిగతా పని అదే చూసుకుంటుంది. ఆ ఏప్రిల్‌లో నా దగ్గర బార్లీ లేదు, హాప్స్ లేవు. వంటింట్లో ఉన్నవల్లా ఒక పైనాపిల్, కిలో చక్కెర, ఈస్టు ప్యాకెట్టు, జొన్న మాల్ట్ పిండి. ఆ పిండితో అక్కడివాళ్ళు ఉంకొంబోతి అనే చిక్కటి పుల్లటి బీరు తరతరాలుగా కాచుకుంటున్నారు. హాప్స్ చేదు కోసం నేను గుప్పెడు మెంతులు వేశాను. మూడోరోజుకి బకెట్ మూత కింద బుసబుసా నురగ.

మ్యూనిక్‌లో ఉండే స్నేహితుడికి వీడియో కాల్‌లో గ్లాసు చూపించాను. వాడు ఒకటే నవ్వు. "అది బీరు కాదురా, పులిసిన పళ్ళరసం. ఇక్కడైతే ఆ పేరు పెట్టి అమ్మితే కేసు పెడతారు" అన్నాడు.

అదే వారం ఊరినుంచి అమ్మ ఫోన్. "మీ చిన్నాయినకు నిన్నటిసంది చేతులు వణుకుతున్నయిరా. రాత్రంత గోడతోని మాట్లాడిండు. కల్లు బందయింది గద."

చిన్నాయిన ముప్ఫయ్యేళ్ళుగా కల్లు కాంపౌండ్‌కి వెళ్ళే మనిషి. తాటికల్లు మానేసినంత మాత్రాన ఎవరూ గోడలతో మాట్లాడరు. అది కల్లు వల్ల వచ్చింది కాదు, కల్లులో కలిపిన మందు ఆగడం వల్ల వచ్చింది. క్లోరల్ హైడ్రేట్, డయజెపామ్, అల్ప్రజోలం: తెలంగాణలో కల్లు తాగే ఊళ్ళలో ఈ పేర్లు డాక్టర్లకే కాదు, బడి పిల్లలకీ తెలుసు. ఆ రోజుల్లో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ముందు కట్టిన క్యూల ఫొటోలు చాలామంది చూసే ఉంటారు.

ఇక్కడ నేను, అక్కడ చిన్నాయిన. రెండు గ్లాసుల్లోనూ ఉండాల్సింది లేదు, దాని స్థానంలో ఇంకేదో ఉంది. పేరు మాత్రం పాతదే. అయినా నా గ్లాసుని 'ఉన్నదాంతో సర్దుకోవడం' అంటున్నాం, ఆయన గ్లాసుని 'కల్తీ' అంటున్నాం. ఎందుకు? నేను నావాణ్ణి కాబట్టేనా?

మొదట తోచే జవాబు స్వచ్ఛత. నా మ్యూనిక్ స్నేహితుడి ధైర్యం అదే. 1516లో బవేరియా పాలకులు ఇంగోల్‌స్టాట్‌లో ఒక ఉత్తర్వు ఇచ్చారు. బీరులో బార్లీ, హాప్స్, నీళ్ళు తప్ప ఇంకేమీ వేయకూడదు. ప్రపంచమంతా ఇప్పుడు దీన్ని 'స్వచ్ఛత చట్టం' అంటుంది గానీ ఆ పేరు ఇరవయ్యో శతాబ్దంలో వచ్చింది. ఉత్తర్వులో ఈస్టు ఊసే లేదు. బీరుని బీరు చేసేదే ఈస్టు. అలాంటి సూక్ష్మజీవి ఒకటుందని అప్పటికి ఎవరికీ తెలియదు. దాన్నిండా బీరు ధరల నియంత్రణ ఉంది. బార్లీ ఒక్కటే వాడాలనడం వెనక గోధుమ, రై గింజల్ని రొట్టెలకి మిగల్చాలన్న ఆలోచన ఉందంటారు. తర్వాత్తర్వాత గోధుమ బీరు కాచే హక్కుని అదే రాజవంశం తన గుత్తగా పెట్టుకుంది. అంటే స్వచ్ఛత అని మనం దండం పెట్టేది కూడా ఒకప్పటి కొరతలోంచి, ఖజానా లెక్కల్లోంచి వచ్చిందే. దాన్ని నమ్ముకుంటే ఉంకొంబోతి బీరు కాకుండా పోతుంది. 1988లో నైజీరియా బార్లీ మాల్ట్ దిగుమతి నిషేధిస్తే అక్కడి బ్రూవరీలు జొన్నకీ, మొక్కజొన్నకీ మళ్ళాయి. అవన్నీ కల్తీ చేశాయనాలి. నాకు నోరు రాదు.

రెండో జవాబు ఉద్దేశం. అవసరం కోసం మార్చితే సర్దుబాటు, లాభం కోసం మార్చితే కల్తీ. వినడానికి బాగానే ఉంటుంది. కానీ నైజీరియా కంపెనీలు జొన్న బీరుని దానం చేయలేదు, అమ్ముకున్నాయి. పోనీ, మంచి ఉద్దేశంతో చెడుసరుకు పోసినవాళ్ళు లేరా? దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

మూడో జవాబు చెప్పడం. ఏం కలిపావో చెబితే సరిపోతుంది. నాకు బాగా నచ్చిన జవాబు ఇదే. 1773లో కెప్టెన్ కుక్ ఓడ న్యూజిలాండ్ డస్కీ సౌండ్‌లో ఆగింది. నావికులకు స్కర్వీ రాకుండా బీరు కాయాలనుకున్నాడు. స్ప్రూస్ చెట్టు అక్కడ లేదు. దాన్ని పోలిన రిము కొమ్మల్ని మరిగించి, మొలాసిస్ కలిపి కాచాడు. మరీ వగరుగా వచ్చింది. మానుకా ఆకులు కలిపితే తాగేలా కుదిరింది. ఈ గొడవంతా, మొదట కుదరలేదన్న సంగతితో సహా, తన యాత్రా గ్రంథంలో రాసిపెట్టాడు. స్కర్వీ విషయంలో ఆయన నమ్మకం ఎంతవరకు నిజమన్నది వేరే సంగతి. ఏం లేదో, దాని బదులు ఏం వేశాడో దాచలేదు.

కానీ ఈ జవాబుని చిన్నాయినే పడగొట్టాడు. పదిహేను రోజులు ఆసుపత్రిలో ఉండి తేరుకున్నాడు. కాంపౌండ్ తెరిచిన రోజే మళ్ళీ వెళ్ళాడు. మరుసటి సంవత్సరం ఊరెళ్ళినప్పుడు అడిగాను. "అందులో మందు కలుపుతరని తెల్సు గద చిన్నాయినా, ఎట్ల తాగుతవ్?"

"తెల్వకేంరా. మందు లేని కల్లు పోస్తే ఇదేం కల్లు అని మేమే కొట్లాడుతం."

ఆయనకి ఎవరూ ఏమీ దాచలేదు. నాలుకే మారిపోయింది. ఉన్న తాళ్ళూ, ఈదులూ ఇచ్చే కల్లు అంతమంది గొంతులకి చాలదని అమ్మేవాడికి తెలుసు, తాగేవాడికి తెలుసు. నీళ్ళు, శాకరిన్, మందు కలిసి ఆ కొరతని నింపాయి. ఇన్నేళ్ళకి కొరత ఉందన్న మాటే అందరూ మరిచిపోయారు. దాని ఖర్చు మాత్రం పోలేదు. చిన్నాయిన నరాల మీద రాసి ఉంది. 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. అది కూడా ఆ ఖర్చే.

అందుకని ఇప్పుడు నేను అడుగుతున్న ప్రశ్న వేరు. లేనిదాని భారం చివరికి ఎవరి ఒంటిమీద పడుతోంది? నా వగరు బీరు నేను ముఖం చిట్లించుకుని తాగితే కొరతని నేను మోస్తున్నట్టు. గోంగూర దొరకని దేశంలో పాలకూరలో నిమ్మకాయ పిండుకుని తినే ఇల్లాలూ అంతే. ఆ కొరతని దొంగచాటుగా ఇంకొకరి ఒంట్లోకి తోసేస్తే అక్కడ కల్తీ మొదలవుతుంది. దినుసుల చిట్టాతో నిమిత్తం లేదు.

ఇంత తేల్చుకున్నాక నా బకెట్ వైపు చూడక తప్పలేదు. ఆ ఏప్రిల్‌లోనే, మా పై అంతస్తులో ఉండే విజయవాడ కుర్రాడికి ఓ సీసా ఇచ్చాను. ఒంటరిగా ఉన్నాడని, పాపం అని. అంతా మంచి ఉద్దేశమే. పైనాపిల్, జొన్న, మెంతులు అని దినుసులన్నీ చెప్పాను కూడా.

"ఎంత స్ట్రాంగ్ అన్నా?" అన్నాడు.

"లైటే. మూడు శాతం ఉంటుందేమో."

నా దగ్గర హైడ్రోమీటర్ లేదు. కిలో చక్కెర మొత్తం పోశానని తెలుసు. మూడు అన్న అంకె గాల్లోంచి వచ్చింది, తెలియదు అనడానికి మొహమాటపడి. అతను రోజూ బీపీ మాత్ర వేసుకుంటాడని నాకు తెలియదు, నేను అడగలేదు. ఆ రాత్రి కళ్ళు తిరిగి బాత్రూంలో పడ్డాడు. గడ్డం కింద మూడు కుట్లు. మంచాలు మిగల్చడానికి నిషేధం పెట్టారు కదా, అలాంటి చోటికే తెల్లవారుజామున నా బీరు అతన్ని మోసుకెళ్ళింది.

"నాదే తప్పు అన్నా, తినకుండా తాగాను" అన్నాడు తిరిగొచ్చాక. నేను వెంటనే కాదనలేదు. ఆ క్షణంలో ఆ మాట నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది.

ఇప్పుడు బార్లీ, హాప్స్ అన్నీ దొరికే చోటే ఉంటున్నాను. హైడ్రోమీటర్ కూడా కొన్నాను. అయినా ఎవరికైనా సీసా ఇచ్చేటప్పుడు దానిమీద ప్లాస్టర్ అంటించి రెండు వరుసలు రాస్తాను. ఏమేం వేశానో ఒకటి. నాకు తెలియనిది ఏమిటో రెండోది. మొన్న ఒక స్నేహితురాలు ఆ రెండో వరుస చదివి, సీసా తిరిగి నా చేతిలో పెట్టేసింది. ఆ సాయంత్రం అది నేనే తాగాను.