వృషభ లాంఛనము – ఇష్టలింగము



పలాస, టెక్కలి ప్రాంతములందును, ఉద్దానపు కొబ్బరితోటల నడిమి పల్లెలందును సంబంధము కుదుర్చుకొనునపుడు మొదట వినబడునది “ఇంటిపేరేమి?” అను ప్రశ్న. ఆ వెంటనే “మీ పెద్దలెచ్చటినుండి వచ్చిరి?” అందురు. ఒకరు కన్నడదేశమందురు; వేరొకరు కాదందురు. వాదము పెరుగును, వధూవరుల శీలము విచారణకే రాదు.

ఈ వాదమునకు మన మహేంద్రగిరియే సాక్షి. కళింగమునేలిన తూర్పు గాంగుల వంశమూలము నేటికిని వివాదాస్పదమే. తొలి శాసనములలో వారు తమది నిర్మలమైన గాంగకులమనియు, మహేంద్రగిరిపై వెలసిన గోకర్ణస్వామి పాదభక్తులమనియు చెప్పుకొనిరి. కొన్ని శతాబ్దముల పిదప, శక 1040, అనగా క్రీ.శ. 1118 నాటి చోడగంగదేవుని తామ్రశాసనము కథను విస్తరించినది. కామార్ణవుడు సోదరులతో కోలాహలపురము వీడి వచ్చి, గోకర్ణస్వామినర్చించి, ఆ స్వామి యనుగ్రహమున వృషభ లాంఛనమును బడసెనట! కోలాహలపురమన కోలారేయని కొందరి మతము. కాని కన్నడదేశపు గాంగుల లాంఛనము ఏనుగు. కళింగ గాంగులది వృషభము. వంశమొక్కటియైనచో గురుతేల మారెను? ఆ చర్చ చరిత్రకారులది.

మనము గ్రహింపవలసినది వేరొకటి కలదు. తన వంశమును అంతగా పొగడుకొనిన రాజు సైతము ఆ లాంఛనము తాతతండ్రుల సొత్తనలేదు, శివానుగ్రహమనెను. వృషభ శబ్దమునకు తద్భవమే బసవ. రాగిరేకు ముద్రపైనున్న వృషభము రాజవంశమునకే చెల్లినది. ఆ 12వ శతాబ్దియందే కల్యాణమున బసవేశ్వరుడు ప్రతి భక్తుని కరతలమునకును ఇష్టలింగమను లాంఛనమును అందించెను. బ్రాహ్మణ గృహమున జనించియు మాదార చెన్నయ్యను, డోహర కక్కయ్యను తన పెద్దలుగా చెప్పుకొనెను. చర్మకారుడైన హరళయ్య కుమారునికి, బ్రాహ్మణుడైన మధువరసుని కుమార్తెకు వివాహము జరిగినందులకు ఆ తండ్రులిరువురును బిజ్జలుని యాజ్ఞచే ప్రాణములర్పించిరని మన సంప్రదాయము చెప్పుచున్నది. వారి పేరు తలచి చేతులు జోడించు మనము ఇంటిపేరు నచ్చలేదని సంబంధమును త్రోసిపుచ్చుట తగునా?

ఇంటిపేరును విడువుమని నేననను. అది పెద్దల జ్ఞాపకము, దానిని గౌరవింపవలయును. కాని అది మనుష్యుని తూచు తూనికరాయి కారాదు. టెక్కలి చెంత రావివలసలో ఎండల మల్లికార్జునుడు పైకప్పు లేక ఎండలో నిలిచియున్నాడు. ఆ స్వామి సన్నిధికేగిన వారందరికిని ఎండ ఒక్కటే. రాబోవు పెండ్లిండ్లలో “ఇంటిపేరేమి?” అనుటకు ముందు “లింగపూజ తప్పక చేయుదురా? కాయకమునందు నిజాయితీ కలదా?” అని అడుగుదము.