ఇద్దరు సాక్షులు

ధ్యానభాగము: అపొ. కార్యములు 27:13–44, 2 కొరింథీ. 8:16–21



నమ్మినవాడు మరల సరిచూడవచ్చునా? సరిచూచుట అపనమ్మకమగునా? ఈ ప్రశ్న మన సంఘములలో ఒక్కొక్కసారి మెల్లగాను, ఒక్కొక్కసారి కోపముతోను వినబడుచున్నది. దీనికి జవాబు వెదకుటకై ఈ నెల మిమ్మును సముద్రము మీదికి తీసికొనిపోవుదును.

హిందూ మహాసముద్రములో మారిషస్ అను ద్వీపము కలదు. 19వ శతాబ్దములో మన తెలుగువారనేకులు కూలిపనికై తెరచాప ఓడలెక్కి అక్కడికి వెళ్లిరి. వారి సంతతివారు నేటికిని అక్కడ ఉన్నారు. ఆ ద్వీపమునకు ఈశాన్యమున సుమారు 400 కిలోమీటర్ల దూరములో కార్గడోస్ కారజోస్ అను పగడపు దిబ్బలున్నవి. 2014వ సంవత్సరము నవంబరు 29వ తేదీన, వోల్వో ఓషన్ రేస్ అను పడవల పందెములో, వెస్టాస్ విండ్ అను తెరచాప పడవ కేప్‌టౌన్ నుండి అబూధాబికి పోవుచు, చీకటి పడిన తరువాత ఆ దిబ్బలను ఢీకొనెను. అందులో తొమ్మండుగురు ఉండిరి. దేవుని కృపవలన ఒక్క ప్రాణమైనను పోలేదు. తెల్లవారునప్పటికి అందరును రక్షింపబడిరి. పడవ మాత్రము బహుగా పాడైపోయెను.

వీరు సముద్రమెరుగని వారు కారు, ఆరితేరిన నావికులు. వారి యంత్రములును చెడిపోలేదు. మరి పొరపాటు ఎక్కడ జరిగెను? ఎలక్ట్రానిక్ పటమును తెరమీద దగ్గరకు తెచ్చి చూచినయెడల దిబ్బ స్పష్టముగా కనబడును. ఎక్కువ దూరము ఒక్కసారి కనబడునట్లు చిన్నదిగా చేసి చూచినయెడల ఆ గుర్తు మరుగైపోవును. అక్కడ నీరు తక్కువే గాని పడవ దాటగలదని వారు తలంచిరి. 2015లో వెలువడిన విచారణ నివేదిక రెండు లోపములను చూపెను. నావికులు పటమును చూచిన విధములో ఒక లోపము, పటము అపాయమును చూపిన విధములో మరియొక లోపము.

జి.పి.ఎస్. అను సాధనము సుమారు 20,000 కిలోమీటర్ల యెత్తున తిరుగు ఉపగ్రహములలో కనీసము నాలుగింటి సంకేతములను అందుకొని, పడవ ఎక్కడ ఉన్నదో కొద్ది మీటర్ల తేడాతో చెప్పగలదు. ఇది ఆశ్చర్యమైన వరమే. అయితే "నీవెక్కడ ఉన్నావు?" అనునది ఒక ప్రశ్న, "నీ యెదుట ఏమున్నది?" అనునది వేరొక ప్రశ్న. రెండవ దానికి జవాబు చెప్పునది పటము. ఆ పటమునో మనుష్యులు గీసిరి. కొన్ని సముద్రములలోని లోతులు నూరేండ్లకు ముందు త్రాటితో కొలిచినవే.

కాగితపు పటమును బల్లమీద పరచినయెడల త్రోవయంతయు, అందలి అపాయములన్నియు ఒక్క చూపులో కనబడును. దానికి బ్యాటరీ అక్కరలేదు. అయితే పడవ ఎక్కడ ఉన్నదో అది తనంతట తాను చెప్పలేదు. కాలానుగుణమైన సవరణలు దిద్దుకొననియెడల అదియు మోసపుచ్చును. కాబట్టి జాగ్రత్తగల నావికుడు రెండింటిని కలిపి వాడును. గంట గంటకు యంత్రము చూపిన చోటును పెన్సిలుతో కాగితముమీద గుర్తించి, ప్రక్కన వేళ వ్రాయును. యంత్రము ఆగిపోయినను, చివరి గుర్తు మొదలుకొని దిక్కును, వేగమును, గడచిన కాలమును లెక్కించి ముందుకు సాగగలడు. నేడు పెద్ద వర్తక ఓడలనేకము కాగితమును మానివేసినవి. అయినను ఒక యంత్రము చెడినయెడల ఆదుకొనుటకు మరియొక యేర్పాటు ఉండవలెనను నియమము వాటికిని కలదు.

అయితే ఇక్కడ ఒక సంగతి గమనించుడి. యంత్రము చెప్పినదానినే కాగితముమీద ఎక్కించి, "రెండును ఏకీభవించినవి" అనుకొనిన నావికుడు తన్ను తానే మోసపరచుకొనుచున్నాడు. ఒకని మాట విని మరియొకడు చెప్పినయెడల వారు ఇద్దరు సాక్షులు కారు, సాక్ష్యము ఒక్కటే. అందుచేత మంచి నావికుడు దిక్సూచితో కొండను గాని దీపస్తంభమును గాని గురిచూచి, నీటిలోతు కొలిచి, యంత్రము మాటతో పోల్చును. పొందిక కుదిరినయెడల సాగిపోవును. కుదరనియెడల వేగము తగ్గించి, కారణము తెలిసికొనును.

ఇప్పుడు పౌలు ఎక్కిన ఓడను చూడుడి. అనేక దినములు సూర్యుడైనను నక్షత్రములైనను కనబడలేదు. పదునాలుగవ రాత్రి, దేశము దగ్గరపడెనని ఓడవారు ఊహించి బుడుదు వేసిరి. మొదట ఇరువది బారలు, కొంచెము సాగినమీదట పదునైదు బారలు. వెంటనే నాలుగు లంగరులు వేసిరి. అప్పటికే ఆ ఓడలోని 276 మందిలో ఒక్కడును నశింపడని దేవదూత పౌలుతో చెప్పియుండెను. అయినను, "దేవుడు చెప్పెను గదా, బుడుదు ఎందుకు?" అని పౌలు వారిని గద్దింపలేదు. వాగ్దానము దేవునిది, లోతు కొలుచుట మనుష్యుని విధి. వాగ్దానము విధిని కొట్టివేయలేదు.

ఇక మన సంగతికి వత్తము. సంఘపు కానుక లెక్క ఒక్కరే చూచుకొనుచుండగా, "ఇద్దరము కలిసి లెక్కింతము" అని ఒకరు అనినయెడల, "నన్ను దొంగయనుచున్నారా?" అని కోపము పుట్టుచున్నది. మాటలు పెరిగి, ప్రభువు బల్లయొద్దకు కలిసి రాలేనంతగా కుటుంబములు విడిపోవుచున్నవి. యెరూషలేములోని పేదలకొరకు కూర్చిన ధర్మమును పంపునప్పుడు పౌలు ఏమి చేసెను? తానొక్కడే దానిని చేత పట్టుకొనక, సంఘములు ఏర్పరచిన సహోదరుని వెంట ఉంచుకొనెను. అపొస్తలునికే తగినది మన కోశాధికారికి అవమానమెట్లగును? రెండవ సాక్షి దొంగను పట్టుకొనుటకు మాత్రమే కాదు, నిర్దోషిని నిందనుండి కాపాడుటకును ఉన్నాడు.

అయితే ఊరకనే అందరిని అనుమానించువాడు కూడ తాను జాగ్రత్తగలవాడనని చెప్పుకొనును. ఈ ఇద్దరిని ఎట్లు గుర్తింపవలెను? అనుమానించువాడు తప్పు దొరకవలెనని చూచును. సరిచూచువాడు పడవ క్షేమముగా చేరవలెనని చూచును. అనుమానించువాడు ఇతరులనే పరీక్షించును. సరిచూచువాడు తన లెక్కను మొదట బల్లమీద పెట్టును.

కనుక నేను నావద్దనే ప్రారంభింతును. ప్రసంగపీఠమునుండి నేను చెప్పుమాటను, బెరయవారివలె ఇంటికి పోయి లేఖనములలో వెదకి చూడుడి. చదువ వచ్చినవారు చదువరాని వారికి చదివి వినిపించుడి. నేను పొరబడితినని కనబడినయెడల నాయొద్దకు వచ్చి చెప్పుడి. దానివలన నాకు అవమానము కలుగదు. చీకటిలో దిబ్బకు తగులుటకంటె, వెలుగులో దిద్దబడుట మేలు.

ప్రభువు మనకు తనయందు నిశ్చలమైన నమ్మికను, మన చేతికి అప్పగింపబడిన వాటియందు మెలకువను అనుగ్రహించును గాక. ఆమేన్.