చూసిన కన్ను

మన పాత వీధుల్లో సీసీ కెమెరాలు లేవని ఎవరన్నారు? ప్రతి వీధికీ ఒక పిన్నిగారు ఉండేవారు. పొద్దున్న ముగ్గు పెట్టింది మొదలు రాత్రి తలుపు గడియ వేసేదాకా ఆవిడ కాపురం అరుగు మీదే. ఎవరింటికి చుట్టాలొచ్చారు, ఎవరమ్మాయి కాలేజీ నుంచి ఆలస్యంగా వచ్చింది, ఎవరింట్లో పాలవాడితో తగువు పడ్డారు, అన్నీ ఆవిడకి తెలియాలి. తెలిసిపోయేవి కూడాను. ఆవిణ్ణి మనసులో తిట్టుకోని ఆడపిల్ల ఆ వీధిలో ఉండేది కాదు. అయితే కొత్తవాడెవడైనా గేటు దగ్గర తచ్చాడుతుంటే, "ఎవరు కావాలి బాబూ?" అని నాలుగిళ్లకి వినబడేలా కేకేసేదీ ఆవిడే. బడి నుంచి వచ్చిన పిల్లాడికి ఇల్లు తాళం వేసి కనబడితే పిలిచి మజ్జిగన్నం పెట్టేదీ ఆవిడే.

ఆ పిన్నిగారి చూపులో ఒక సదుపాయం ఉండేది. మనల్ని చూస్తున్నది ఎవరో మనకి తెలుసు. మరీ విసుగొస్తే, "మీకెందుకండీ పిన్నిగారూ" అని మొహం మీదే అనేయొచ్చు. పైగా ఆవిడా మనిషే కనక సగం మరిచిపోయేది, మిగతా సగం తప్పుగా చెప్పేది. అంచేత ఆవిడ మాటని ఎవరూ పూర్తిగా నమ్మేవారు కాదు.

ఇప్పుడు ఆవిడ స్థానంలో స్తంభం మీద కెమెరా వచ్చి కూర్చుంది. దానికి నిద్ర లేదు. నిండా నెల్లాళ్ల సంగతులు నిమిషాలతో సహా చెప్పగలదు. దాని వెనకాల కూర్చున్న మనిషి ఎవరో మాత్రం మనకి తెలియదు.

కెమెరాలు వద్దని నేననటం లేదు సుమండీ. రాత్రి తొమ్మిది దాటాక బస్సు దిగి నడిచొచ్చే కూతురు కోసం గుమ్మంలో నిలబడ్డ ఏ తల్లికైనా, ఆ మలుపులో ఒక కెమెరా ఉందంటే కాస్త ధైర్యమే. నన్ను వేధిస్తున్న ప్రశ్న వేరు. చూసిన సంగతి మీద చూసినవాడికి ఎంత హక్కు ఉంటుంది?

ఈ ప్రశ్నతో బాగా తలపట్టుకున్న దేశం ఇంగ్లండు. అక్కడ వీధుల్లో కెమెరాలు పెట్టి నడిపే బాధ్యత చాలా ఊళ్లలో స్థానిక కౌన్సిలుది. మన మునిసిపాలిటీలాంటిదే అనుకోండి. వాళ్లకి కెమెరాల మీద అంత గురి కుదరడానికి ఒక కారణం ఉంది. 1993 ఫిబ్రవరిలో లివర్‌పూల్ పక్కన బూటిల్ అనే చోట, అంగళ్ల సముదాయంలో తల్లి పక్కనుంచి రెండేళ్ల పిల్లవాడు తప్పిపోయాడు. పదేళ్ల మగపిల్లలిద్దరు వాణ్ణి చెయ్యి పట్టుకుని నడిపించుకుపోతున్న దృశ్యం అక్కడి కెమెరాలో దొరికింది. పిల్లవాడు మాత్రం ప్రాణాలతో దొరకలేదు. ఆ మసక బొమ్మని టీవీలో చూడని ఇల్లు ఆ దేశంలో లేదు. ఇక ఆ తరవాత కెమెరా వద్దనే ధైర్యం ఎవరికుంటుంది చెప్పండి? ప్రభుత్వం కూడా డబ్బిచ్చి మరీ కౌన్సిళ్లచేత కెమెరాలు పెట్టించింది. ఆ కెమెరా పిల్లవాణ్ణి కాపాడలేకపోయిందన్న సంగతి ఆ దుఃఖంలో ఎవరూ అంతగా ఆలోచించలేదు.

ఆ బూటిల్ ఊరు సెఫ్టన్ కౌన్సిలు కిందికే వస్తుంది. అదే సెఫ్టన్ కౌన్సిలులో కెమెరాలు చూసే ఉద్యోగులు ఇద్దరు 2006లో జైలుకి వెళ్లారు. ఎందుకనుకున్నారు? వీధిని చూడవలసిన కెమెరాని ఒక స్త్రీ ఉంటున్న ఫ్లాటు కిటికీ వైపు తిప్పి, ఆవిడ బట్టలు లేకుండా ఉన్నప్పుడు చూసినందుకు. ఆవిడ తన ఇంట్లో తానుంది. ఆవిడ నాలుగు గోడల లోపలికి ప్రజల సొమ్ముతో కొన్న కన్ను తొంగిచూసింది.

ఎవరో ఇద్దరు వెధవలు చేసిన పనికి అందరినీ అంటామా అంటారు. అనక్కర్లేదు. కానీ క్లైవ్ నారిస్, గ్యారీ ఆర్మ్‌స్ట్రాంగ్ అని ఇద్దరు పరిశోధకులు అక్కడి మూడు కంట్రోల్ రూముల్లో వందల గంటలు కూర్చుని, తెర ముందున్న ఉద్యోగులు ఎవరిని చూస్తున్నారు, ఎందుకు చూస్తున్నారు అని రాసుకుని, 1999లో పుస్తకం వేశారు. ఆడవాళ్ల మీదికి కెమెరా తిప్పిన సందర్భాల్లో పదింట ఒకటి కేవలం కంటికింపుగా ఉందని తిప్పిందేనట. ఇది చదివి నేను ఆశ్చర్యపోలేదు. మీరూ పోరు. సిటీబస్సులో నలభయ్యేళ్లు తిరిగిన వాళ్లకి ఈ లెక్క చెప్పడానికి పరిశోధన కావాలా? అయినా ఎవరో ఒకరు కూర్చుని లెక్కకట్టి అచ్చువేయడం మంచిదే. మనం చెబితే "మీకన్నీ అనుమానాలే" అంటారు.

ఇవన్నీ దుర్బుద్ధితో చేసిన పనులు. వాటిలో మంచి చెడ్డలు తేల్చడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. నన్ను నిజంగా కుదిపింది మంచిబుద్ధితో చేసిన పని ఒకటి.

లండనుకి తూర్పున బ్రెంట్‌వుడ్ అని ఊరుంది. 1995 ఆగస్టులో ఒక రాత్రి పదకొండున్నర వేళ ఒకాయన, ఇంటి పరిస్థితులతో మనసు చెదిరి, ప్రాణం తీసుకోవాలనే ఉద్దేశంతో కత్తి పట్టుకుని ఆ ఊరి నడిబొడ్డున తిరుగుతున్నాడు. కౌన్సిలు కెమెరా ముందు కూర్చున్న ఉద్యోగి చేతిలో కత్తి ఉన్న మనిషిని గమనించి పోలీసులకి కబురు చేశాడు. వాళ్లొచ్చి కత్తి తీసుకున్నారు, వైద్యం చేయించారు, డాక్టరుకి చూపించి ఇంటి దగ్గర దింపారు. ఏ కేసూ లేదు. అక్కడికి ఆ కెమెరా చేసిన పనికి చేతులెత్తి దణ్ణం పెట్టాలి. ఎవరో తెలియని ఉద్యోగి, ఎవరో తెలియని మనిషిని బతికించాడు.

కథ అక్కడ ఆగితే నేనీ వ్యాసం రాయను. అక్టోబరులో కౌన్సిలువారు కెమెరాల గొప్పతనం ప్రజలకి తెలియాలని ఒక కరపత్రం వేశారు. అందులో ఈయన బొమ్మలు రెండు. మొహం దాచలేదు. మూడు రోజుల్లో అది స్థానిక పత్రిక మొదటి పేజీకెక్కింది. తరవాత ఆ ప్రాంతపు టీవీలో వచ్చింది. మరుసటి ఏడాది బీబీసీలో దేశమంతా చూసింది. అసలు కార్యక్రమంలో మొహం దాచారు గానీ, ముందుగా వేసిన ప్రకటనల్లో అదీ లేదు. బంధువులూ స్నేహితులూ గుర్తుపట్టారు. జనం చూసిందేమిటి? కత్తి పట్టుకుని తిరిగే మనిషిని. ఆ కత్తి తన కోసమేనని ఎవరికి తెలుస్తుంది?

ఆయన కోర్టుకి వెళ్లాడు. 1997లో ఇంగ్లండు కోర్టు, సానుభూతి ఉంది గానీ కౌన్సిలు తన అధికారం దాటలేదంది. చివరికి 2003 జనవరిలో యూరోపు మానవ హక్కుల న్యాయస్థానం ఆయన పక్షాన తీర్పు చెప్పింది. అందులో రెండు మాటలు నాకు బాగా నచ్చాయి. నడివీధిలో ఉన్నంత మాత్రాన మనిషికి తనదంటూ ఏమీ మిగలదనుకోవడం తప్పు. దారినపోయేవాడు ఒక క్షణం చూడడం వేరు, దాన్ని అచ్చువేసి లక్షలమందికి చూపించడం వేరు అన్నది ఒకటి. రెండోది ఇంకా బాగుంది. ఆయనే తరవాత టీవీలోకి వచ్చి మాట్లాడాడు కదా, ఇంకా గుట్టేమిటి అని ప్రభుత్వం వాదించింది. తనకి జరిగిన అన్యాయం చెప్పుకోడానికి వచ్చినవాణ్ణి అలా అనకూడదంది కోర్టు. "ఆవిడే నలుగురికీ చెప్పుకుందిగా" అనే మాట మనం ఎన్ని పంచాయితీల్లో విన్నాం!

కౌన్సిలు ఏం చేసి ఉండాల్సిందో కూడా ఆ తీర్పులో ఉంది. పోలీసుల ద్వారా ఆయనెవరో కనుక్కుని అనుమతి అడగొచ్చు. లేదా మొహం తామే దాచి బొమ్మ ఇవ్వొచ్చు. లేదా తీసుకున్నవాళ్లు దాచి తీరేలా గట్టిగా చూడొచ్చు. మూడూ చేతకాని పనులేం కాదు. ఒక్క పూట పని.

ఈ సంగతి చదువుతుంటే నాకు మా కాలనీ గుర్తొచ్చింది. పోయిన ఏడాది మా వెనక వీధి బామ్మగారు తెల్లవారుజామున ఇంట్లోంచి వెళ్లిపోయారు. కొంతకాలంగా ఆవిడకి మతిమరుపు. కాలనీ కెమెరాల్లో వెతికి, ఏ సందులోకి తిరిగారో పట్టుకుని, అరగంటలో ఇంటికి తెచ్చారు మనవాళ్లు. ఎండ రాకముందే దొరికారని అందరం సంతోషించాం. మధ్యాహ్నానికల్లా ఆ వీడియో కాలనీ వాట్సాప్‌లో ఉంది. "మన కెమెరాల విజయం" అని కింద రాత, దాని కింద చప్పట్ల బొమ్మలు బారెడు.

బామ్మగారు ముప్ఫయ్యేళ్లు టీచరుగా చేశారు. కుచ్చిళ్లు సరిగా లేకుండా గుమ్మం దాటడం ఎవరూ చూడలేదు. ఆ వీడియోలో ఆవిడ లంగా జాకెట్టుతో, జుట్టు విరబోసుకుని, చెప్పుల్లేకుండా నడుస్తున్నారు. సాయంత్రం వాళ్ల కోడలు నా దగ్గర కూర్చుని, "దొరికారు, అంతే చాలండీ. కానీ మా అత్తయ్యగారు ఎలా వెళ్లారో మూడొందల మందికి తెలియాలా?" అంది. నేను వెళ్లి సెక్రటరీగారితో ఈ మాట చెబితే ఆయన నొచ్చుకున్నారు. "అదేమిటమ్మా, మంచిపనేగా చెప్పుకున్నాం! ఇంకో పది కెమెరాలకి చందాలు రావద్దూ?" అన్నారు. పాపం, ఆయన మంచివాడే. మోకాళ్ల నొప్పులతో ఆ ఉదయం సందులన్నీ తిరిగిందీ ఆయనే. బ్రెంట్‌వుడ్ కౌన్సిలులో ఉన్నవాళ్లూ ఇలాంటి మంచివాళ్లే అయ్యుంటారు.

చిక్కంతా ఇక్కడే ఉంది. బామ్మగారు కనబడాలని మనమే కోరుకున్నాం. ఆవిడ నోరున్న మనిషైతే, ఆ క్షణంలో తనూ కోరుకునేవారే. కానీ ఆ కోరిక ఇల్లు చేరేదాకానే. ఆపదలో ఉన్నవాళ్లని చూడడానికి ఇచ్చిన అనుమతి, ఆపద గడిచాక మిగిలి ఉండదు. పురిటిగదిలో మంత్రసాని చూసింది బయట చెప్పేదా? డాక్టరు చెబుతాడా? వాళ్లకి ఉన్న ఆ కట్టుబాటు కెమెరా చేతికొచ్చిన వాళ్లకి ఎందుకు ఉండకూడదు?

అనుభవంతో ఇంగ్లండువారు కొంత నేర్చుకున్నారు. 2012లో చట్టం చేసి, 2013లో కౌన్సిళ్లకీ పోలీసులకీ పన్నెండు సూత్రాలు పెట్టారు. కెమెరా ఎందుకు పెడుతున్నారో ముందే చెప్పాలి. అవసరం తీరిన బొమ్మని ఉంచుకోకూడదు. ఎవరు చూడొచ్చో నిర్ణయం ఉండాలి. అసలు ఆ కెమెరా ఇంకా అక్కడ అవసరమా అని అప్పుడప్పుడు ఆలోచించుకోవాలి. ఈ చివరిది మనవాళ్లకి కొత్తగా ఉంటుంది. పెట్టిన దాన్ని తీయడం మన వంశంలో లేదు కదా. అక్కడ ఎవరి బొమ్మ వాళ్లు అడిగి తీసుకోవచ్చు కూడా. అందులో పక్కవాళ్ల మొహాలుంటే దాచి మరీ ఇస్తారు.

మన దగ్గర లెక్క కాస్త వేరు. హైదరాబాదులో "నేను సైతం" పేరుతో పోలీసులు ప్రజలచేత చందాలు వేయించి వీధుల్లో కెమెరాలు పెట్టించారు. 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో పెద్ద కమాండ్ కంట్రోల్ కేంద్రం తెరిచారు. అంతకుముందే, రాష్ట్రం ఒక్కటిగా ఉన్న 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం, జనం ఎక్కువగా చేరే చోట్ల కెమెరాలు పెట్టి 30 రోజుల బొమ్మలు దాచమంది. దాచమన్నారు సరే, ఎవరికి చూపకూడదో మన కాలనీలో ఎవరికైనా తెలుసా? 2017 ఆగస్టులో తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, గోప్యత ప్రతి మనిషికీ ప్రాథమిక హక్కు అన్నారు. 2023లో వ్యక్తిగత డేటాకి చట్టమూ వచ్చింది. ఇవన్నీ ఢిల్లీలో ఉన్నాయి. కెమెరా పాస్‌వర్డు మాత్రం మా కాలనీలో ముగ్గురు పదాధికారులు, ఒక వాచ్‌మన్, బిగించిపోయిన కుర్రాడు, ఇంతమంది దగ్గరుంది.

ఈసారి సంఘం మీటింగులో వంటల పోటీ సంగతి అయ్యాక మీరూ ఒక్కసారి లేచి అడగండి. ఎవరెవరు చూస్తున్నారు? ఎన్నాళ్లకి చెరిపేస్తున్నారు? చూసినట్టు ఎక్కడైనా పుస్తకంలో రాస్తున్నారా? బయటికి ఇవ్వాలంటే ఎవరి సంతకం కావాలి? కాస్త గుసగుసలు వినబడతాయి, వినబడనివ్వండి. ఆడవాళ్లం మనకి గుసగుసలు కొత్తా?

ఇంగ్లండులో కెమెరా ఉన్న వీధిలో బోర్డు పెడితే, అది ఎవరిదో, ఎవరిని అడగాలో కూడా అందులో రాయాలి. మా వీధి మొదట్లోనూ బోర్డుంది. "మీరు నిఘాలో ఉన్నారు" అని ఎర్రటి అక్షరాలు. ఎవరి నిఘాలోనో లేదు, ఫోన్ నంబరు లేదు. దాని పక్కనే ఎవరో అట్టముక్క మీద పచ్చళ్లు అమ్మబడును అని రాసి వేలాడదీశారు. అందులో మాత్రం పేరూ ఉంది, ఇంటి గుర్తూ ఉంది, నంబర్లు రెండు ఉన్నాయి.