సర్దుకుపోలేను, సర్దుకుపోను

ఇంగ్లీషులో చిన్న ముక్కలు చేసే అల్లరి ఇంతా అంతా కాదు. 'పుట్' అంటే పెట్టడం, 'అప్' అంటే పైకి, 'విత్' అంటే తో. మూడూ కలిస్తే పైకెత్తి పెట్టడం కాదు, భరించడం! ఆ 'విత్' తీసేస్తే మళ్ళీ ఇంకో అర్థం. "మీరెక్కడ పుటప్ అయ్యారండీ?" అని పెళ్ళిళ్ళలో అడుగుతుంటారు, ఎక్కడ దిగారని. దిగిన చోట భరించడమూ తప్పదనుకోండి, అది వేరే సంగతి.

పాత ఇంగ్లీషులో 'పుట్ అప్' అంటే దూసిన కత్తిని ఒరలో పెట్టడం కూడా. 1611 నాటి బైబిల్లో ఆ అర్థంలోనే ఉంది. అవమానాన్ని దిగమింగి ఊరుకోవడానికీ ఆ రోజుల్లో ఇదే మాట. షేక్‌స్పియర్ 'ఒథెల్లో'లో 'విత్' లేకుండానే కనిపిస్తుంది. రెండర్థాలూ పక్కపక్కనే బతికాయన్నమాట. నాకు నచ్చింది ఆ పొరుగు. ఒరలో పెట్టినా కత్తి కత్తే. అది అక్కడుందని పెట్టినవాళ్ళకీ తెలుసు, ఎదుటివాళ్ళకీ తెలుసు.

మన 'సర్దుకుపోవడం'లో కత్తీ లేదు, ఒరా లేదు. బస్సులో "కాస్త సర్దుకోండమ్మా" అంటే ముగ్గురూ తలా కాస్త జరుగుతారు, నాలుగో ఆవిడ కూర్చుంటుంది. ముచ్చటైన మాటే! అదేమిటో, ఇంట్లోకి వచ్చేసరికి జరిగేది ఒక్కరే.

అప్పగింతలప్పుడు చూడండి. పిల్ల చేతులు పాలలో ముంచి అత్తమామల చేతుల్లో పెడుతూ, "తెలిసీ తెలియక ఏదైనా తప్పు చేస్తే కడుపులో పెట్టుకోండి" అంటాడు తండ్రి. అది ప్రార్థన. పిల్లకేసి తిరిగి, "సర్దుకుపో తల్లీ" అంటాడు. అది ఆజ్ఞ. అటువాళ్ళు భరిస్తే పెద్దమనసు, ఇటు పిల్ల భరిస్తే మామూలు విషయం.

భరించడమంతా చెడ్డదని నేననను. మనిషి పక్కన మనిషి ఉన్నాక గురక ఉంటుంది, మంచం మీద తడి తువ్వాలు ఉంటుంది, కాఫీ చల్లారిందన్న సణుగుడు ఉంటుంది. వీటికి కూడా కత్తి దూస్తే ఏ కాపురమూ నిలవదు. కాని భరిస్తున్నానని తెలిసి భరించే మనిషికి, ఎంతవరకు అన్న లెక్క ఒకటి ఉంటుంది. సర్దుకుపోగా పోగా ఆ లెక్కే పోతుంది. కాపురానికొచ్చిన ఇరవై ఏళ్ళకి, "నీకే కూర ఇష్టమే?" అని పుట్టింట్లో ఎవరో అడిగితే జవాబు కోసం తడుముకున్న ఆడవాళ్ళని చూశాను. మా ఆయనకి వంకాయ, పిల్లలకి బంగాళాదుంప అని చెప్పి ఆగిపోతారు. దాన్ని ఓర్పనడానికి నాకు నోరు రాదు.

ఇంకో చిత్రం. ఇంగ్లీషు వాళ్ళు ఈ మాటని కాదనేటప్పుడు హాయిగా వాడతారు, నేను పుట్ అప్ విత్ చెయ్యను అని. మనం? భరించలేను, ఓర్చుకోలేను, సర్దుకుపోలేను. అన్నిటికీ చివర 'లేను'! ఇష్టం లేదని కాదు, చేతకాదని. అందుకే ఏ పిల్లయినా తిరిగొస్తే, "సర్దుకుపోలేకపోయిందిట" అంటుంది వీధంతా, లెక్కల్లో తప్పిన పిల్ల గురించి చెప్పినట్టు. 'లేను' కాకుండా 'ను' పలికే మాట మనకి లేకపోలేదు. "నా ఇంట్లో ఇలాంటివి సహించను" అని మామగారంటారు, బళ్ళో హెడ్మాస్టరంటారు, ఆఫీసులో పెద్ద అధికారి అంటారు. ఎవరి నోట వింటామో చూశారూ!

ఏది భరించనక్కర్లేదో చట్టం కొంత చెప్పింది. 1983లో అప్పటి శిక్షాస్మృతిలో 498-ఏ సెక్షన్ చేర్చారు. 2005లో వచ్చిన గృహహింస చట్టం, మాటలతో పెట్టే బాధ కూడా హింసేనని ఒప్పుకుంది. మంచిదే. కాని ఆ చట్టం దాకా వెళ్ళాలన్నా ముందు ఆ మనిషి నోట ఒక 'ను' రావాలి కదండీ.

ఈ కాలం పిల్లలకి వస్తోందనే అనుకుంటాను, కాకపోతే ఇంగ్లీషులో. ఇంటికొచ్చే మా అమ్మాయి స్నేహితురాళ్ళు 'ఐ వోంట్ పుట్ అప్ విత్ ఇట్' అని తడుముకోకుండా అనేస్తారు. ఏదీ, అదే ముక్క తెలుగులో మీ అమ్మతో చెప్పండర్రా అన్నాను ఓ రోజు. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చివరికి ఒక పిల్ల అంది, "సర్దుకుపోలేనమ్మా."