భాగాలు మారిన బండి

ఒక కారు ముప్పై నలభై ఏళ్లపాటు ఒకే ఇంట ఉండి, ఆ కాలంలో దాని భాగాలు ఒక్కొక్కటిగా మారిపోతూ వస్తే, చివరికి ఆ ఇంటి ముందు నిలిచి ఉన్నది మొదట కొన్న కారేనా అన్న ప్రశ్న పైకి కాలక్షేపపు ప్రశ్నలా కనిపించినా, వస్తువు అంటే ఏమిటి, అది ‘అదే’గా నిలవడమంటే ఏమిటి, దాన్ని ‘నాది’ అనడంలో అర్థమేమిటి అన్న మూడు తత్త్వసమస్యలు అందులో పెనవేసుకుని ఉన్నాయి. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 1950ల చివరి నుంచి 2014 దాకా తయారైన అంబాసిడర్ ఇందుకు చక్కని ఉదాహరణ. అటువంటి పాత బండిని ప్రేమతో నడుపుకునేవారికి క్లచ్ ప్లేటు, బ్రేక్ షూలు మార్చడం మామూలు సంగతి. కొన్నేళ్లకు ఇంజన్‌కు బోరింగ్ చేయించవలసి వస్తుంది, అంటే అరిగిన సిలిండర్ల లోపలి గోడలను మళ్లీ కోయించి వాటికి సరిపడే పెద్ద పిస్టన్లు వేయించాలి. ఆ తరువాత తుప్పు తిన్న అడుగు రేకును కోసి తీసి కొత్త రేకు వెల్డింగ్ చేయిస్తారు. ఒక దశలో ఇంజనే మారిపోతుంది. ఇన్ని జరిగినా ఆ బండిని ఎవరూ కొత్త బండి అనరు.

భారతీయ దర్శనాలలో ఈ ప్రశ్నకు రథమే ప్రసిద్ధమైన దృష్టాంతం. కఠోపనిషత్తు శరీరాన్ని రథంగా, ఆత్మను రథికుడిగా, బుద్ధిని సారథిగా, మనస్సును పగ్గాలుగా, ఇంద్రియాలను గుర్రాలుగా రూపించినప్పుడు దాని దృష్టి ఎక్కి కూర్చున్నవాడి మీదే ఉంది గాని రథమంటే ఏమిటని అది విచారించలేదు. ఆ విచారణ చేసినవారు బౌద్ధులు. క్రీస్తుపూర్వం రెండవ శతాబ్దానికి చెందిన యవనరాజు మినాండరుకూ నాగసేన భిక్షువుకూ జరిగిన సంవాదంగా చెప్పే పాళీ గ్రంథం ‘మిలింద పఞ్హ’లో, రథమెక్కి వచ్చానన్న రాజును భిక్షువు వరుసగా ప్రశ్నిస్తాడు: నొగ రథమా, ఇరుసు రథమా, చక్రాలు రథమా, ఇవన్నీ కాక వేరేగా రథమనేది ఏదైనా ఉందా? దేనికీ అవునని చెప్పలేని రాజు, ఈ భాగాలను ఆధారం చేసుకుని ‘రథం’ అన్న పేరు వాడుకలోకి వస్తుందని ఒప్పుకుంటాడు. ఇలా ఆధారాన్ని బట్టి ఏర్పడిన వ్యవహారనామానికి ‘ప్రజ్ఞప్తి’ అని పేరు. ఏడవ శతాబ్దపు మాధ్యమిక ఆచార్యుడు చంద్రకీర్తి ఈ పరీక్షను మరింత బిగించి, రథం తన భాగాలకంటె వేరు కాదు, వాటితో ఒకటీ కాదు, వాటిని కలిగి ఉన్నదీ కాదు, వాటిలో ఉన్నదీ కాదు, అవి తనలో ఉన్నదీ కాదు, ఉత్త కుప్ప కాదు, ఉత్త ఆకారమూ కాదు అని ఏడు విధాలుగా వెదికి చూపాడు. అయితే ఇలా వెదికినప్పుడు దొరకని రథం లోకవ్యవహారంలో మాత్రం చక్కగా నడుస్తుందనీ, ఆ వ్యవహారాన్ని చెరపవలసిన పని లేదనీ కూడా ఆయనే అన్నాడు. చంద్రకీర్తిని కేవలం నిషేధవాదిగా చదివేవారు ఈ రెండవ మాటను మరవడం తగదు.

దీనికి ఎదురు నిలిచినవారు న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులు. వారి సిద్ధాంతంలో అవయవాలు, అంటే భాగాలు, కలిసినప్పుడు వాటికంటె వేరైన ‘అవయవి’ అనే కొత్త ద్రవ్యం పుడుతుంది. అది తన అవయవాలలో ‘సమవాయం’ అనే విడదీయరాని సంబంధంతో నిలుస్తుంది. తెలుగువాడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు తన ‘తర్కసంగ్రహం’లో ఈ సమవాయాన్ని నిత్యసంబంధంగా నిర్వచించి, అవయవ-అవయవి జంటను దానికి ఉదాహరణగా చూపాడు. అవయవి ఉందనడానికి న్యాయసూత్రాలు చెప్పిన హేతువులలో ఒకటి ధారణాకర్షణం: ఒక వస్తువును ఒక చోట పట్టుకుంటే మొత్తం నిలుస్తుంది, ఒక చోట లాగితే మొత్తం కదులుతుంది, ఇసుక కుప్పలో ఇది జరగదు. దారిలో ఆగిపోయిన కారును తాడు కట్టి లాగడం చూసినవారికి ఈ హేతువు బలం వెంటనే తెలుస్తుంది. కొక్కెం ఒక్కచోటే తగిలించి ఉంటుంది, అయినా వెనక సీటూ డిక్కీలోని స్టెప్నీ కూడా కదిలి వస్తాయి. విప్పి షెడ్డు నేల మీద పరచిన అవే భాగాలకు ఈ గుణం లేదు. కనుక బిగించిన కారుకూ విప్పిన భాగాల రాశికీ నడుమ ఉన్న తేడా కేవలం పేరులో ఉందనడం తృప్తి కలిగించదు. ఈ ఒక్క అంశంలో నైయాయికుల పక్షమే గట్టిదని చెప్పవలసి ఉంటుంది.

కాని కాలం గడిచి భాగాలు మారే చోట అదే పక్షం ఇబ్బందిలో పడుతుంది. అవయవి తన అవయవాల మీద ఆధారపడి పుట్టింది కాబట్టి, ఒక అవయవం తొలగితే పాత అవయవి నశించి కొత్తది పుడుతుందని వారు ఒప్పుకోక తప్పలేదు. కొంత చిరిగిన వస్త్రం పాత వస్త్రం కాదనీ, మిగిలిన దారాలలో పుట్టిన ‘ఖండపటం’ అనే వేరు వస్త్రమనీ వారి మాట. ఆ లెక్కన స్పార్క్ ప్లగ్ మార్చిన ప్రతిసారీ షెడ్డులోకి వెళ్లిన కారు ఒకటి, బయటికి వచ్చిన కారు మరొకటి. లోకం అలా అనుకోదు. ‘ఇది అదే’ అన్న గుర్తింపు జ్ఞానానికి శాస్త్రంలో ‘ప్రత్యభిజ్ఞ’ అని పేరు. అయితే బౌద్ధులు దీన్నీ సులభంగా ఒప్పుకోరు. క్షణక్షణం కొత్తగా పుట్టే దీపజ్వాలను ఒకే జ్వాల అనుకున్నట్టు, కోసిన తరువాత మళ్లీ పెరిగిన వెంట్రుకలను అవే వెంట్రుకలు అనుకున్నట్టు, పోలికను చూసి ఐక్యమని భ్రమపడుతున్నామని వారి సమాధానం. వారి దృష్టిలో అలా ఒకటిగా కనిపించేది ‘సంతానం’, అంటే ముందు క్షణం తరువాతి క్షణానికి కారణమవుతూ తెగకుండా సాగే ప్రవాహం.

ఈ వివాదం గ్రంథాలకే పరిమితం కాలేదు. 1929లోనూ 1930లోనూ లె మాన్స్ పందెం గెలిచిన బెంట్లీ స్పీడ్ సిక్స్ కారు, ‘ఓల్డ్ నంబర్ వన్’ అన్న పేరుతో ఖ్యాతికెక్కి, ఎన్నో మార్పులకు లోనై, ఎనిమిది లీటర్ల ఇంజన్‌తో 1932లో బ్రూక్లాండ్స్ పందెంలో పరుగెత్తుతూ ప్రమాదానికి గురైంది. నడుపుతున్న క్లైవ్ డన్‌ఫీ మరణించాడు. ఆ తరువాత దాన్ని మళ్లీ కట్టారు. 1990లో కోటి పౌండ్ల అమ్మకం ఒప్పందం కుదిరాక, ఇది ఆ కారు కాదని కొనుగోలుదారు వాదించడంతో వివాదం లండన్ హైకోర్టుకు వెళ్లింది. గెలిచిన నాటి లోహం అందులో చాలా కొద్దిగానే మిగిలి ఉంది. అయినా ఏ దశలోనూ ఆ కారు లేకుండా పోయి మరో కారు దాని స్థానంలోకి రాలేదనీ, దాని చరిత్ర ఎక్కడా తెగలేదనీ గమనించిన న్యాయమూర్తి ఆటన్, దాన్ని మొదటి రూపంలో ఉన్న కారు అనలేకపోయినా ప్రామాణికమైన ‘ఓల్డ్ నంబర్ వన్’గా అంగీకరించి విక్రేత పక్షాన తీర్పు చెప్పాడు. ఈ తీర్పులో నిలిచింది అవయవి కాదు, సంతానమే.

భారత ప్రభుత్వం 2021లో వింటేజ్ వాహనాలకు చేసిన నియమం మరో దారి పట్టింది. యాభై ఏళ్లు దాటి, ఛాసిస్‌లోనో బాడీలోనో ఇంజన్‌లోనో పెద్ద మార్పు జరగకుండా తొలి రూపంలో ఉన్న వాహనానికే ఆ గుర్తింపు. అలా నమోదైన దాన్ని రోజువారీ అవసరాలకు నడపరాదు. కొన్ని అవయవాలను ప్రాణస్థానాలుగా ఎంచి, అవి చెక్కుచెదరకుండా ఉంటేనే వస్తువు నిలిచినట్టు అనడం ఇందులోని తాత్త్విక నిర్ణయం. ఆరవ నిజాం కోసం తయారై, హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిలిచి ఉన్న పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఈ దృష్టికి ఆదర్శం. అది తన జీవితంలో తిరిగినది కొన్ని వందల మైళ్లు మాత్రమే. దాని అందాన్ని కాదనలేము. అయితే నడవడమే ధర్మంగా గల వస్తువు నడవకుండా చెడకుండా ఉండటాన్ని దాని పూర్ణత్వమనడం న్యాయం కాదు.

దేవాలయాలు ఈ చిక్కును మరింత నిర్భయంగా ఎదుర్కొన్నాయి. పూరీలో జగన్నాథుని రథాన్ని ఏటా కొత్త కలపతో కడతారు. పదహారు చక్రాల ఆ రథం పేరు మాత్రం ప్రతి ఏడూ నందిఘోషమే. మూలవిరాట్టులనే మార్చే నవకళేబర ఉత్సవంలో, 2015లో జరిగినట్టు, పాత దారుమూర్తి నుంచి కొత్త మూర్తిలోకి ‘బ్రహ్మపదార్థం’ అనే రహస్యవస్తువును కళ్లకు గంతలు కట్టుకున్న సేవకులు చేరుస్తారు. కొయ్య పోయినా దైవం తెగదని విశ్వాసం. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం 2020 సెప్టెంబరులో అగ్నికి ఆహుతి కాగా, 2021 ఫిబ్రవరి నాటికి కొత్త రథం సిద్ధమైంది. పాత కొయ్య ముక్క ఒక్కటీ లేని ఆ రథం పగ్గాలు పట్టిన భక్తులు స్వామి రథాన్నే లాగారు. అక్కడ రథానికి ఐక్యం కలపలో లేదు, అది ఎవరి సేవకు నియోగించబడిందో ఆ సంబంధంలో ఉంది.

ఈ ‘సంబంధం’ అన్న మాట కారు సొంతదారుకూ వర్తిస్తుంది. ప్రాచీన నైయాయికులు ‘స్వత్వాన్ని’, అంటే సొంతదనాన్ని, ఇష్టం వచ్చినట్టు వినియోగించుకునే యోగ్యతగా వివరించగా, పదహారవ శతాబ్దపు నవద్వీప తార్కికుడు రఘునాథ శిరోమణి ఆ నిర్వచనం చాలదని, పరుల అన్నాన్నీ తినగలిగే శక్తి ఎవరికైనా ఉంటుందని ఆక్షేపించి, స్వత్వాన్ని వేరే పదార్థంగానే ఒప్పుకోవాలన్నాడు. పాత బండిని పోషించేవారి ఆచరణ చూస్తే స్వత్వానికి వినియోగం కంటె దగ్గరైన మాట గీతలోని ‘యోగక్షేమం’లో దొరుకుతుంది. శంకరులు దానికి చెప్పిన అర్థంలో యోగమంటే లేనిదాన్ని పొందడం, క్షేమమంటే పొందినదాన్ని రక్షించడం. కారు కొన్న రోజున యోగం ముగుస్తుంది. ఆయిల్ మట్టం చూడటం, టైర్లలో గాలి సరిచూడటం, వానాకాలం ముందు వైపర్ బ్లేడ్లు మార్చడం, ఏ చప్పుడు ఎక్కడినుంచి వస్తోందో చెవి పెట్టి వినడం క్షేమం, దానికి ముగింపు లేదు. బౌద్ధులు చెప్పిన సంతానం దానంతట అది సాగదు. ఎవరో ఒకరు తెగకుండా చూస్తేనే సాగుతుంది, వదిలేసిన బండి రెండు వానలకే తుక్కు దారి పడుతుంది. ఆయుధపూజనాడు విజయవాడ ఆటోనగర్ షెడ్లలో జాకీకీ స్పానర్లకూ పసుపుకుంకుమ పెట్టి ఆ రోజుకు వాటిని పనిలో పెట్టకపోవడం, క్షేమం చేసే సాధనాన్ని కూడా ఆ బంధంలోకి చేర్చుకోవడమే.

క్షేమం చేసే చేతులు మారినప్పుడు ఏమవుతుందన్న దానికి మోటారు వాహనాల నియమాలలో ఒక చిన్న సమాధానం ఉంది. ఆర్సీలో పేరున్న సొంతదారు మరణిస్తే, వాహనం ఎవరి చేతికి వచ్చిందో వారు ముప్పై రోజుల్లో ఆ సంగతి రవాణా అధికారులకు తెలిపి, తమ పేరుకు మారకముందే మూడు నెలలపాటు దాన్ని నడుపుకోవచ్చు. ఆ మూడు నెలలూ కాగితం మీద బండి వెళ్లిపోయినవారిదే. పొద్దున్నే బానెట్ ఎత్తి రేడియేటర్‌లో నీళ్లు పోసేది మాత్రం వారి కొడుకో కూతురో.