తండ్రి త్రవ్వించిన బావులు

ధ్యానభాగము: ఆదికాండము 26:12-22



పితరులలో ఇస్సాకును గూర్చి మనము ప్రసంగించుట తక్కువ. అబ్రాహామునకు మోరీయా కొండ గలదు, యాకోబునకు యబ్బోకు రేవు గలదు, యోసేపునకు చెరసాలయు సింహాసనమును గలవు. ఇస్సాకునకు గలవి బావులు. అతని తండ్రి దినములలో త్రవ్వబడిన బావులను, తండ్రి చనిపోయిన పిమ్మట ఫిలిష్తీయులు మన్ను పోసి పూడ్చివేసిరి. ఇస్సాకు వాటిని తిరిగి త్రవ్వించెను. అంతటితో ఊరకొనక, తండ్రి వాటికి ఏ పేర్లు పెట్టియుండెనో ఆ పేర్లనే తానును పెట్టెనని 18వ వచనమువలన తెలిసికొనుచున్నాము.

ఈ చిన్న సంగతిని త్వరపడి దాటిపోవద్దు. కూలి ఇచ్చినవాడు ఇస్సాకు. ఎండలో నిలిచి పని చేయించినవాడు ఇస్సాకు. తన పేరు పెట్టుకొనినను అడ్డగించువారు లేరు. వేసవిలో బావి పూడిక తీసిన రైతులు మీలో ఎందరో యున్నారు. ఆ పని కొత్త బావి త్రవ్వుటకంటె సులువేమియు కాదని మీకు నాకంటె బాగుగా తెలియును. అయినను పూడిక తీసినవాని పేరు ఊరిలో ఎవరు తలంతురు? నీళ్లు చేదుకొనువారు "తాతగారి బావి" యనియే అందురు.

ఈ వాక్యభాగము ప్రక్కన ఈ నెల ఒక ఆంగ్లేయ గాయకుని సంగతి నుంచుచున్నాను. అతడు సువార్తికుడు కాడు. అతడు పాడినవి కీర్తనలును కావు, ప్రేమపాటలు. వాటిని ఆరాధనలో పాడుడని నేను చెప్పబోవుటలేదు. అయితే మన ప్రభువు విత్తువానిని, జాలరిని, అన్యాయస్థుడైన గృహనిర్వాహకుని సైతము చూపి పాఠము చెప్పెను గదా. గనుక పెద్దలు కొంచెము ఓర్చుకొని వినవలెను.

అతని పేరు ఫిల్ కాలిన్స్. 1951లో లండనులో పుట్టెను. ఐదేండ్ల ప్రాయమున ఒక బొమ్మ డ్రమ్ము అతని చేతికి వచ్చెను. అది మొదలు అతని చేతులు ఊరకుండలేదు. 1970లో జెనెసిస్ అను వాద్యబృందములో డ్రమ్ములు వాయించుటకు చేరెను. (ఆ పేరు మన ఆదికాండమునకు ఆంగ్లమున గల పేరే. అతడు చేరకమునుపు, 1969లో, ఆ బృందము తన మొదటి పాటల సంపుటికి ఆదికాండము మొదలు ప్రకటన వరకు అని అర్థము వచ్చు పేరు పెట్టగా, కొన్ని దుకాణములవారు దానిని భక్తిగీతముల వరుసలో పెట్టిరట!) 1975లో ఆ బృందపు ముఖ్యగాయకుడు విడిచిపోగా, వెనుక కూర్చుండి వాయించువాడే ముందుకు వచ్చి పాడవలసివచ్చెను. తరువాత తన సొంత పాటలతోను లోకమంతట పేరు పొందెను.

అయితే బాల్యములో అతడు దాహము తీర్చుకొనిన బావి వేరొకటి. అది అమెరికాలో, మోటారుకార్లు తయారుచేయు డెట్రాయిట్ పట్టణములో నుండెను. అక్కడ బెర్రీ గార్డీ అను నల్లజాతి యువకుడు, మునుపు కార్ల కర్మాగారములో పని చేసినవాడు, 1959లో తన కుటుంబము వద్ద 800 డాలర్లు అప్పు తీసికొని పాటల వ్యాపారము ప్రారంభించెను. ఒక మామూలు ఇల్లు కొని, దాని వెనుక భాగమును రికార్డింగు గదిగా మార్చెను. ఆ కంపెనీకి మోటౌన్ అని పేరు. సుప్రీమ్స్, టెంప్టేషన్స్, మార్విన్ గే, బాలుడైన స్టీవీ వండర్ ఆ ఇంటనే పాడిరి. అక్కడి పాటలు సముద్రము దాటి లండను పిల్లవాని చెవిని బడెను.

ఆ సంగీతమును "సోల్" అందురు. అనగా ఆత్మ. ఆ పేరు ఊరక వచ్చినది కాదు, ఆ పాటకు పుట్టినిల్లు దేవాలయము. ఒకరు ఎత్తి పాడగా సంఘమంతయు బదులు పలుకుట, చేతులు చరచుట, మాట చాలనప్పుడు ఒక అక్షరమునే సాగదీసి మొఱపెట్టుట, ఇవన్నియు నల్లజాతి క్రైస్తవుల ఆరాధనలోనివి. అరీతా ఫ్రాంక్లిన్ డెట్రాయిటులోని న్యూ బెతెల్ బాప్టిస్టు సంఘపు కాపరి కుమార్తె. శామ్ కుక్ ఒక బోధకుని కుమారుడు, సోల్ స్టిరర్స్ అను సువార్త గాయకబృందములో పాడి 1957లో లోకపు పాటలవైపు మళ్లెను. అంతకుముందే, 1954లో, రే ఛార్లెస్ ఒక సువార్తగీతపు వరుసను తీసికొని ప్రేమపాటగా మార్చగా, భక్తులనేకులు మిక్కిలి నొచ్చుకొనిరి.

నా మట్టుకు, నొచ్చుకొనినవారి పక్షమున కొంత న్యాయము గలదనియే తోచుచున్నది. దేవునికి అర్పించిన పాత్రతో సంతలో పానకము అమ్మినట్లు వారికి కనబడియుండును. అయినను నీళ్లు ఎచ్చట ఊరినవో దాచుట ఎవరి తరము? అరీతా ఫ్రాంక్లిన్ లోకములో గొప్ప కీర్తి పొందిన పిమ్మట, 1972 జనవరిలో, లాస్ ఏంజెలిసు నగరములోని ఒక బాప్టిస్టు దేవాలయమునకు పోయి, రెండు రాత్రులు సంఘము మధ్య నిలిచి సువార్తగీతములు పాడి రికార్డు చేయించెను. రెండవ రాత్రి ఆమె తండ్రి లేచి మాట్లాడెను. తప్పిపోయిన కుమారుని ఉపమానము ఆమెకు వర్తింపజేయుదురేమో గాని, ఆమె ఎన్నడును ఇల్లు విడువలేదని చెప్పువారును గలరు. ఆ తీర్పు మనది కాదు.

ఇక కాలిన్స్ సంగతి. 2007లో జెనెసిస్ బృందము మరల కూడి ఊరూర పాడుచు తిరిగిన కాలమున, అతని మెడలోని పూసలు స్థానము తప్పెను. 2009లో శస్త్రచికిత్స జరిగెను. మెడ బాగుపడెను గాని చేతులు వెనుకటివలె మాట వినలేదు. వ్రేళ్లలో స్పర్శ తగ్గెను, డ్రమ్ము కర్ర పట్టు నిలువదాయెను. సహోదరులారా, ఐదేండ్ల వయస్సునుండి చేతులతోనే బ్రదికినవానికి యేబది యెనిమిదవ యేట చేతులు చాలించుకొనుట ఎట్టిదో యోచింపుడు. నాగలి మేడి పట్టజాలని రైతు, దారము సూదిలో ఎక్కింపజాలని దర్జీ, గొంతు పోయిన ఉపదేశి, వీరికి ఆ సంగతి వివరింప నక్కరలేదు. "ఇక నేనెందుకు?" అను ప్రశ్న రాత్రులయందు వచ్చి మంచముప్రక్క కూర్చుండును.

అట్టి సమయమున అతడు కొత్త పాట కట్టలేదు. తన బాల్యపు బావియొద్దకు పోయెను. 2010లో మోటౌన్ పాటలును ఆ కాలపు ఇతర సోల్ పాటలును పదునెనిమిది చేర్చి ఒక సంపుటిగా పాడెను. దాని పేరు "గోయింగ్ బ్యాక్", అనగా వెనుకకు పోవుట. డ్రమ్ములు తానే వాయింపవలెనని పట్టుపట్టెను. కర్ర నిలువని చేతికి కర్రను పట్టీతో బిగించుకొని వాయించెను.

మరి ఆ పాటలకు తానేమి చేర్చెను? ఏమియు చేర్చలేదు. ఆ పాత రికార్డులు అదివరకే గొప్పవి గనుక వాటికి కొత్తదనము తెచ్చుట తన ఉద్దేశము కాదనియు, పిల్లవాడుగా మొదట విన్నప్పటి ధ్వనియు భావమును మరల రాబట్టుటయే తన కోరికయనియు అతడే చెప్పెను. గొప్ప గాయకుడు తన ముద్ర వేయకుండ పాడుట అరుదు. ఇది తండ్రి పెట్టిన పేర్లనే పెట్టుట కాదా?

ఆ పనిలో అతడు ఒంటరిగా లేడు. మోటౌన్ పాటల వెనుక వాయించిన మనుష్యులకు ఫంక్ బ్రదర్స్ అని పేరు. ఆ గదిలో రాత్రింబగళ్లు వాయించి లోకమును పరవశింపజేసినవారు వారే. కాని సంవత్సరములు గడచినను రికార్డు అట్టలమీద వారి పేర్లు అచ్చుపడలేదు. 1971లో మార్విన్ గే సంపుటిమీద మొదటిసారి వారి పేర్లు కనబడెను. మరుసటి సంవత్సరమే కంపెనీ లాస్ ఏంజెలిసునకు తరలిపోయెను; డెట్రాయిటు వాద్యకారులు చెదరిపోయిరి. లోకము వారిని నిజముగా ఎరిగినది 2002లో వారిని గూర్చిన చలనచిత్రము వచ్చిన తరువాతనే. అప్పటికి వారిలో కొందరు మట్టిలో నుండిరి.

కాలిన్స్ వారిలో మిగిలినవారిని వెదకి పిలిపించెను. బాస్ గిటారుకు బాబ్ బాబిట్, గిటారుకు ఎడ్డీ విల్లిస్, రే మోనెట్. ఈ ముగ్గురును అతని సంపుటిలో వాయించిరి. అట్టమీద వారి పేర్లు అచ్చుపడెను.

రోమీయులకు వ్రాసిన పత్రిక చివరి అధ్యాయము, 22వ వచనము చూడుడి. అంత గొప్ప పత్రిక ముగియుచుండగా తెర్తియు అనువాడు ఉన్నట్టుండి పలుకుచు, కలము పట్టినవాడను నేనని చెప్పి వందనములు పంపుచున్నాడు. మాటలు పౌలువి, చేయి తెర్తియుది. పౌలు ఆ చేతిని దాచలేదు, ఒక వాక్యమంత చోటిచ్చెను. మన కీర్తనల పుస్తకములో చాలా కీర్తనలకు రాగతాళములతోపాటు వ్రాసినవారి పేరు కూడ వేసియున్నారు. కీర్తన సంఖ్య చెప్పి పాట ఎత్తుకొందుముగాని ఆ పేరు చదువువారెందరు? ఈ నెలలో ఒక్క ఆదివారమైనను, పాడకమునుపు ఆ పేరు చదివి పాడుడి. దానికి అర నిమిషము చాలును.

ఆ సంపుటి ఇంగ్లాండులో అమ్మకములయందు మొదటి స్థానము పొందెను. అయినను, మొదటి రికార్డులు ఉండగా ఈ నకలు ఎందుకని అడిగినవారు లేకపోలేదు. ప్రశ్న తగినదే. నకలు నకలే, అసలు అసలే. ఆ వాద్యముల ఊపు మరల రావచ్చును గాని ఆ యౌవనము మరల రాదు. నా జవాబు ఒక్కటే. బావి పూడిక తీయువాడు నీళ్లను పుట్టించుచున్నానని చెప్పుకొనడు. ఊరిలో చేదుకొనుటకు దారి చేయుచున్నాడు. ఆ సంపుటి విని, మొదటి పాటల కొరకు వెదకిన పడుచువారు కొందరైనను ఉండియుందురు.

ఇంకొక సంగతి. ఇస్సాకు పాత బావులయొద్దనే ఆగిపోలేదు. 19వ వచనము మొదలు చదివితిరేని, అతని పనివారు కొత్త బావులును త్రవ్విరి. మొదటి రెండింటికొరకు గెరారు కాపరులు జగడమాడిరి, మూడవదాని యొద్ద చోటు దొరకెను. వాటికి పేర్లు ఇస్సాకే పెట్టెను: ఏశెకు, శిత్నా, రహెబోతు. వరుస గమనింపుడి. మొదట తండ్రి బావులు, తరువాత తనవి. నేటి పడుచువారికి కీబోర్డు మీట నొక్కగానే తాళము వచ్చును, సెల్‌ఫోనులో దినమున కొక కొత్త పాట వచ్చును. వాటిని నేను తప్పు పట్టను. అయితే మీ సంఘములో పాత కీర్తన అసలు వరుస ఎరిగిన వృద్ధుడో, వృద్ధురాలో ఇంకను ఉన్నయెడల, వారి మంచముదగ్గర ఒక సాయంకాలము కూర్చుండి నేర్చుకొని, ఆ పిమ్మట మీ పాట కట్టుడి. ఆ సంపుటిలోని పాటలలో ఒకటి టెంప్టేషన్స్ 1972లో ప్రసిద్ధము చేసినది. చనిపోయిన తండ్రిని ఎరుగని పిల్లలు, ఆయన ఎట్టివాడని తల్లిని అడుగుచుందురు. ఆ తల్లి చెప్పదగినది ఏమియు లేదు. పదునెనిమిదింటిలో నాకు మిక్కిలి బరువుగా తోచినది అదే. బావియే లేనివాడు దేని పూడిక తీయును?

వృద్ధులతో ఒక మాట. నిర్గమకాండము 17వ అధ్యాయములో మోషే చేతులు బరువెక్కెను. ఆయన చేతులు దింపినప్పుడెల్ల యుద్ధము తలక్రిందులాయెను. జనులు "చేతులు ఎత్తలేనివాడు మాకేల?" అనలేదు. కూర్చుండుటకు రాయి తెచ్చి వేసిరి, అహరోనును హూరును చెరియొక ప్రక్కను నిలిచి ఆ చేతులను ఆదుకొనిరి. కూర్చుండుట మోషేకు అవమానము కాలేదు. పరుల చేతులపై తన చేతులు ఆనించుటయు అవమానము కాలేదు. మీ గొంతు వణకునని ఆరాధనలో మౌనముగా నుండకుడి. మీ ప్రక్కన నిలుచు పడుచువాడు వినవలసినది ఆ వణకు గొంతులోని వరుసయే.

ఆ సంపుటిలో వాయించిన బాబ్ బాబిట్ 2012లోను, ఎడ్డీ విల్లిస్ 2018లోను నిద్రించిరి. కాలిన్స్ చేతులు బాగుపడలేదు. నడక సైతము తగ్గి చేతికఱ్ఱ వచ్చెను. 2022 మార్చి 26న లండనులో జెనెసిస్ బృందము కడపటిసారి పాడినప్పుడు అతడు కుర్చీలో కూర్చుండియే పాడెను. వెనుక డ్రమ్ములయొద్ద, తండ్రి తన పడుచుప్రాయమున వాయించిన తాళములనే వాయించుచు, ఇరువదేండ్ల కుమారుడు నికొలస్ కూర్చుండియుండెను.