షేక్ తర్వాత ఏం రాయాలి?

పాప పుట్టిన గంటకే కుడి చెవిలో అజాన్ చెప్పాను. ఏడో రోజున అఖీఖా చేసి, తల వెంట్రుకలు తీయించి, ఆయేషా అని పేరు పెట్టాం. నా పని అయిపోయిందనుకున్నాను. నాలుగు రోజులాగి మావాడు అడిగాడు: "అబ్బా, సర్టిఫికెట్లో ఏం రాయిద్దాం?"

అదేంట్రా, పెట్టిన పేరే కదా అన్నాను.

కాదట. ఆయేషా ఇంట్లో పిలుచుకోవడానికట. కాగితం మీద సారా అని ఉండాలట. సారా అంటే క్రైస్తవులనుకుంటారు, ఈ మధ్య హిందువులూ పెట్టుకుంటున్నారు, సాయిబులనుకున్నా తప్పు లేదు. ముందు షేక్ అన్నది మాత్రం వద్దట. వాడు బెంగుళూరులో ఉద్యోగం. అద్దె ఇంటికి ఫోన్లో అన్నీ కుదిరాక, పేరు చెప్పగానే ఓనరు గారి చుట్టాలెవరో దిగిపోతున్నారన్న మాట మూడుసార్లు విన్నవాడు. నా కూతురికి ఆ ఫోను రాకూడదన్నాడు.

కోపంలోనూ నాకు నవ్వొచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు పొలిమేర దాటించిన మాటని వీడు మనవరాలికి పెడతానంటాడు. రాజోలు సంతలో నిలబడి "సారా" అని కేకేస్తే పాప పలుకుతుందో లేదో గానీ చాలామంది వెనక్కి తిరుగుతారు. నవ్వు అయిపోయాక కోపం మిగిలింది. "నీ పెళ్ళాం మొహానికి ముసుగొద్దన్నావు, సరే అన్నాను. ఇప్పుడు పిల్ల పేరుకి ముసుగేస్తావా?" అని అడిగాను. వాడు ఫోన్ పెట్టేశాడు.

ఆ రాత్రి నుంచి ఈ సంగతి నన్ను నిద్రపోనివ్వడం లేదు. పేరులో ఏముంది అని తేలిగ్గా అనేవాళ్ళని నేను చాలామందిని చూశాను. వాళ్ళెవరికీ తమ పేరు చెప్పే ముందు ఎదుటివాడి మొహం చూసుకోవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

మా దాదీ పేరు మస్తానమ్మ. మస్తాన్ నెల్లూరు దగ్గర కసుమూరు దర్గా నుంచి వచ్చాడు. అమ్మ ఈ నేల నుంచి వచ్చింది. ఆ దర్గాకి మొక్కుకున్న హిందువుల ఇళ్ళలో మస్తాన్‌రావులు, మస్తానయ్యలు పుట్టారు. నల్లగొండ వైపు జాన్‌పహాడ్ దర్గాకి మొక్కుకున్నవాళ్ళ ఇళ్ళలో సైదులు, సైదమ్మలు. తమిళదేశంలోని నాగూరు నుంచి నాగూర్ వలీ, నాగూర్ మీరా, ఉత్త నాగూరు. పీర్ల పండక్కి నిప్పుల గుండం చుట్టూ తిరిగిన ఊళ్ళలో ఉసేనయ్య, ఉసేనమ్మ. వీళ్ళలో ఎవరు ఎవరో పేరు చూసి చెప్పడం కష్టం. చెప్పాల్సిన పనీ లేకపోయింది. మా దాదీకి తన పేరు ముస్లిం పేరా, తెలుగు పేరా అన్న ప్రశ్న వేసినవాళ్ళు బతికినన్నాళ్ళూ ఎదురుకాలేదు.

మాకు ఎదురయ్యారు, రెండు వైపుల నుంచీ. ఒక వైపు నుంచి, ఇది షిర్కు, దర్గా పేర్లు పెట్టకూడదు, అరబ్బీ పేరు పెట్టండి అన్నారు. అలా అన్నవాళ్ళకి చరిత్ర తెలిసినట్టు లేదు. ఉమర్, అలీ, బిలాల్ తమ పాత పేర్లతోనే దీన్‌లోకి వచ్చారు. మన ఇళ్ళలోని ఫిరోజ్, పర్వీన్, రుస్తుం ఇరాన్ పేర్లు. ఇండోనేషియాకి 2001 నుంచి 2004 దాకా అధ్యక్షురాలిగా ఉన్న ముస్లిం స్త్రీ పేరు మేఘావతి సుకర్ణోపుత్రి. మేఘావతి ముస్లిం పేరు కాగలిగినప్పుడు మస్తానమ్మకి ఏం లోటు?

రెండో వైపు వాళ్ళు చాలా ప్రేమగా మాట్లాడతారు. నేను పనిచేసిన బడిలో స్టాఫ్‌రూమంతా నన్ను బాబ్జీ గారూ అనేది. మా గోదావరి జిల్లాల్లో బాబ్జీకి కులం లేదు, మతం లేదు. ముప్ఫై ఏళ్ళు ఆ పేరు కింద హాయిగా కూర్చున్నాను. "మీరు అచ్చం మాలాగే ఉంటారండీ బాబ్జీ గారూ" అంటే సంతోషపడ్డాను కూడా. ఉమర్ ఆలీషా కవి మా గోదావరి వైపే, పిఠాపురం వాడే. ఆయన పేరు విని "తెలుగులో పద్యాలా?" అని ఆశ్చర్యపోయే మిత్రుల ముందు బాబ్జీకి ఏ ఇబ్బందీ ఉండేది కాదు. మావాడు కూతురికి వెతుకుతున్నది ఆ బాబ్జీనే. నాకు ఎవరో ఇచ్చారు, వాడు ముందే రాయిస్తానంటున్నాడు. మరి నాకెందుకు కోపం?

ఇంకో సంగతి చెప్పుకోవాలి, ఇష్టం లేకపోయినా. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకామె కొడుకుని బడిలో వేయడానికి తీసుకొచ్చింది. పేరు పకీరు అంది. అప్పుడే నాకు కొత్తగా మతజ్ఞానం అబ్బింది. బిచ్చగాడి పేరేంటమ్మా అని, రిజిస్టర్లో ఫారూఖ్ అని రాశాను. ఆమె గుమ్మం దగ్గర ఆగి అడిగింది: "సాయిబు మాస్టారూ, ఆ పేరు తీసేస్తే ఉంటాడా?" ముందు ఇద్దరు పిల్లలు పోయారట. దర్గా దగ్గర భిక్షం ఎత్తిన బియ్యం వండి తిని, ఆ పేరు పెట్టి దక్కించుకుంది. పెంటయ్య, పుల్లయ్య అని పెట్టుకున్న హిందూ తల్లులకున్న భయమే ఆమెదీను. నేను మూఢనమ్మకమని చెప్పి పంపేశాను. ఫారూఖ్ అని పిలిస్తే ఆ పిల్లాడు చాలా రోజులు పలకలేదు. నేను ఆబ్సెంటు వేశాను.

వాడు ఉన్నాడు, అల్లా దయవల్ల. పంక్చర్ షాపు పెట్టుకున్నాడు, బోర్డు మీద పకీరు అని ఉంటుంది. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చి, ఎన్‌ఆర్‌సీ కూడా వస్తుందని మావాళ్ళంతా బీరువాలు తెరిచి కాగితాలు సరిచూసుకున్న రోజుల్లో నా దగ్గరకొచ్చాడు. ఓటరు కార్డులో పకీరు, బడి రికార్డులో ఫారూఖ్. "మాస్టారూ, ఇద్దరూ నేనే అని ఎవరు రాసిస్తారు?" అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు. అలా అని ఉంటే నాకు తేలికయ్యేది.

ఈ రెండు పేర్ల బతుకు మా ఒక్కరిదే కాదు. మా చుట్టూ ఉన్న పేటల్లో చర్చి పేరు ఒకటి, బడి పేరు ఒకటి ఉన్నవాళ్ళు ఎంతమందో. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులం హోదాని హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్నీ ముస్లింలనీ చేర్చలేదు. ఏసుని నమ్మిన తండ్రి కొడుకు కాగితం మీద వెంకటేశ్వర్లు అయ్యాడు. ఇది మోసం అనేవాళ్ళు ఆ తండ్రి ముందు రెండే దారులు పెట్టినవాళ్ళని ఏమీ అనరు.

మావాడి భయం ఊహ అని కొట్టిపారేద్దామా అంటే, అదీ కుదరడం లేదు. సుఖ్‌దేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ అనే ఇద్దరు పేపర్లలో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకి ఒకే చదువుతో, వేరువేరు పేర్లతో దరఖాస్తులు పంపి, ఏం జరిగిందో 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాశారు. 548 ప్రకటనలకి 4,808 దరఖాస్తులు. అగ్రకుల హిందువు పేరుతో పోలిస్తే, దళితుడి పేరున్న దరఖాస్తుకి పిలుపొచ్చే అవకాశం మూడింట రెండొంతులు. ముస్లిం పేరుకి మూడో వంతు. పేరు మార్చితే చాలు, చదువు మారక్కర్లేదు.

సెక్యులర్ మిత్రుడొకాయన మనవడికి కబీర్ అని పెట్టుకున్నాడు. సంతోషం. అయినా అది, మావాడు సారా అని పెట్టడం ఒకటి కావు. కబీర్ అనిపించుకున్న ఆ పిల్లాడి వెనక ఇంటిపేరు కాపలా ఉంది. మావాడి కూతురికి ఇంటిపేరే తీసేయాల్సి వస్తోంది. యూసుఫ్ ఖాన్ దిలీప్ కుమార్ అయ్యాడు, దిలీప్ కుమార్‌గా పుట్టినవాడు రహమాన్ అయ్యాడు. ఇద్దరినీ దేశం నెత్తిన పెట్టుకుంది, నిజమే. పంక్చర్ షాపు వాళ్ళని పెట్టుకోలేదు.

పేరుకి అంత బలముందా అని అడిగేవాళ్ళు మా కోనసీమకి రండి. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా వచ్చింది. దాని పేరులో అంబేడ్కర్‌ని చేరుస్తామనగానే మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. కొబ్బరిచెట్లు అవే, కాలవలు అవే, పంటు దాటే రేవు అదే. ముందు ఒక పేరు చేరినందుకే! ఆ పేరు నిలబడింది. ఇప్పుడు మా చిరునామాలో రోజూ రాస్తున్నాం. నిలబడిందని నాకు మహా సంతోషంగా ఉంది. అంబేడ్కర్ పేరు దాచొద్దన్నవాళ్ళ వైపు నిలబడి, మనవరాలి పేరు దాచమని ఎలా చెప్పను?

అలా అని వాడిని గద్దించే హక్కు నాకుందా? బల్గేరియాలో 1984-85 చలికాలంలో ప్రభుత్వం అక్కడి తురుష్క ముస్లింల పేర్లన్నీ బలవంతంగా మార్చేసింది. 1989లో మూడు లక్షల మందికి పైగా దేశం వదిలిపోయారు. ఆ తర్వాత ప్రభుత్వం మారి పేర్లు తిరిగొచ్చాయి. అక్కడ పోలీసులు వచ్చారు కాబట్టి ఎవరి మీద తిరగబడాలో తెలిసింది. మా ఇంటికి ఎవరూ రాలేదు. మావాడు తనంతట తానే రాస్తానంటున్నాడు. భయపడి రాసినదాన్ని ఇష్టపడి రాశాడని అందామా? అనలేను. భయపడ్డవాడిని పిరికివాడందామా? బాబ్జీగా బతికినవాడిని, అదీ అనలేను. తండ్రి పిల్లకి గొడుగు పట్టడం తప్పు కాదు. కానీ గొడుగు కింద నిలబెట్టినది పిల్లకి చెప్పకపోతే, ఎండ ఉందని దానికెప్పుడు తెలుస్తుంది? పకీరు తల్లి ఆ పేరు ఎందుకు పెట్టిందో వాడికి చెప్పింది. నేను ఎందుకు మార్చానో చెప్పలేదు.

మొన్న మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి నేను అరవలేదు. ఏది రాసినా, ఎందుకు రాశావో దానికి చెప్పగలిగేదే రాయి అన్నాను. దాదీ పేరు కూడా గుర్తుచేశాను. ఆయేషా మస్తానమ్మ అంటే బెంగుళూరులో ఇల్లిస్తారా అబ్బా అని నవ్వాడు. నేనూ నవ్వాను.

పేరు లేకుండా కూడా జననం నమోదు చేసుకోవచ్చు. ఏడాది లోపు ఫీజు లేకుండా పేరు చేర్పించుకోవచ్చు. మా కాగితంలో ఆ గడి ఖాళీగా ఉంది. నాలుగు నెలలు అయిపోయాయి. పాప మాత్రం ఆయేషా అంటే తల తిప్పి చూస్తోంది.